లూకా 7:47లో ‘గనుక’: ప్రేమించింది కాబట్టి క్షమాపణా, క్షమాపణ దొరికింది కాబట్టి ప్రేమా?

ప్రశ్న (స్త్రీల కూటం బాధ్యురాలు)

అందరికీ ప్రభువు నామమున వందనాలు. స్త్రీల కూటంలో లూకా 7:36-50 మీద అరగంట వాక్యం చెప్పాలి. పరిసయ్యుడైన సీమోను ఇంట్లో యేసు భోంచేస్తుండగా, ఊళ్లో పాపాత్మురాలని పేరుపడ్డ ఒక స్త్రీ వచ్చి కన్నీళ్లతో ఆయన పాదాలు తడిపి అత్తరు పూసిన భాగం అది. 47వ వచనం దగ్గర ఆగిపోయాను. “ఆమె విస్తారముగా ప్రేమించెను గనుక ఆమెయొక్క విస్తార పాపములు క్షమించబడెను” అని ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివితే ముందు ప్రేమ, తర్వాత క్షమాపణ. కానీ అంతకు ముందే యేసు సీమోనుకు చెప్పిన ఉపమానంలో, ఒకడు పెద్దదీ ఒకడు చిన్నదీ అప్పుపడి తీర్చలేని ఇద్దరికి అప్పిచ్చినవాడు కొట్టేసిన తర్వాతే ప్రేమ పుట్టింది. ఏది ముందు? “ఆమెలా ఏడవలేకపోతున్నాం, మరి మాకు క్షమాపణ లేదా?” అని అడిగేవాళ్లకు తప్పు జవాబు చెప్పకూడదని అడుగుతున్నాను.

జవాబు 1 (గ్రీకు పాఠం చెప్పే బ్రదర్)

వందనాలు సిస్టర్. చిక్కంతా ‘గనుక’లో ఉంది. తెలుగులో ఆ మాటకు రెండు పనులున్నాయి. “వాన పడింది గనుక వీధి తడిసింది” అంటే వాన కారణం. “చూరు కారుతోంది గనుక రాత్రి వాన పడింది” అంటే చూరు కారణం కాదు, ఆనవాలు. చూరు కారడం వల్ల ఎవరింటా వాన పడదు. గ్రీకులో ఇక్కడున్న ‘హోతి’ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. ఈ వచనంలో అది ఆనవాలు చూపుతోందని చెప్పడానికి మూడు ఆధారాలు:

‘క్షమించబడెను’ అన్నచోట గ్రీకులో ఉన్నది ‘అఫెయోన్తై’. అప్పటికే జరిగిపోయి, దాని ఫలితం ఇంకా నిలిచి ఉన్నదాన్ని చెప్పే క్రియారూపం అది. 48లో ఆమెతో నేరుగా అన్నదీ అదే మాట. అంటే అక్కడ ఉన్నదాన్నే ఆమె చెవిన వేస్తున్నాడు.

అదే వచనం రెండో సగం: కొంచెంగా క్షమాపణ పొందినవాడు కొంచెంగా ప్రేమిస్తాడు. ఇక్కడ వరుస అనుమానం లేకుండా ఉంది. మొదటి సగాన్ని తిరగేసి చదివితే వచనం తనతో తానే పోట్లాడుతుంది.

ఇక ఉపమానం. 42లో ‘క్షమించెను’ అన్నది ‘ఖరిజోమై’ అనే క్రియ. కృప అనే అర్థమున్న ‘ఖారిస్’ నుంచి వచ్చింది. ఉచితంగా ఇచ్చేయడం అన్నమాట. వాళ్లు ప్రేమిస్తారని లెక్కవేసి కొట్టేయలేదు. తీర్చడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు గనుక కొట్టేశాడు.

1 యోహాను 4:19ని (దేవుడు ముందు ప్రేమించాడు గనుకే మనం ప్రేమిస్తాం) దీని పక్కనే పెట్టి చదవండి, అదే వరుస కనిపిస్తుంది. 50వ వచనం వదలొద్దు: “నీ విశ్వాసము నిన్ను రక్షించెను” అన్నాడు, నీ కన్నీళ్లు అనలేదు. మీ కూటంలో అడిగేవాళ్లకు జవాబు అక్కడే ఉంది.

జవాబు 2 (సండే స్కూల్ టీచర్ల శిక్షకురాలు)

వ్యాకరణం బ్రదర్ చెప్పారు. కూటంలో మాత్రం ఆ గది కళ్లకు కట్టాలి. మన ఇళ్లలోలా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారనుకుంటే 38వ వచనం అర్థం కాదు. వాళ్లు ఎడమ మోచేతి మీద ఒరిగి, పాదాలు వెనక్కి చాపి భోంచేసేవాళ్లు. అందుకే ఆమె వెనక నిలబడినా పాదాలు అందాయి. 44లో యేసు ఆమె వైపు తిరిగి, మాట మాత్రం సీమోనుతో అంటున్నాడు. “ఈ స్త్రీని చూచుచున్నావే” అని. అప్పటిదాకా సీమోను ఆమెకున్న చెడ్డపేరునే చూశాడు, మనిషిని చూడలేదు. ఇక్కడ కాసేపు ఆగండి, తొందరపడొద్దు.

తర్వాత సీమోను చేయనిదీ ఆమె చేసిందీ మూడు జతలు: కాళ్లకు నీళ్లు లేవు, కన్నీళ్లున్నాయి. ఒక ముద్దు లేదు, ఎడతెగని ముద్దులున్నాయి. తలకు మామూలు నూనె లేదు, పాదాలకు అత్తరు ఉంది.

దేనారం అంటే ఒక రోజు కూలి (మత్తయి 20:2). వారానికి ఆరు రోజుల పని లెక్కన ఉపమానంలోని పెద్ద అప్పు 500 దేనారాలంటే సుమారు ఏడాదీ ఏడు నెలల కూలి, చిన్న అప్పు 50 అంటే రెండు నెలలది. రూపాయల్లోకి మార్చకండి, కూలి రోజుల్లోనే చెప్పండి. పనికి వెళ్లే ఆడవాళ్లకు లెక్క ఇట్టే అందుతుంది.

ఒక పొరపాటు తరచూ జరుగుతుంది: ఈమెను మగ్దలేనే మరియ అనడం. లూకా ఈమె పేరు చెప్పలేదు, మగ్దలేనే మరియను 8:2లో కొత్త మనిషిగా పరిచయం చేశాడు. ఇద్దర్నీ కలిపేయడం పశ్చిమ సంఘంలో పాతుకుపోయింది 591 ప్రాంతంలో పోపు గ్రెగొరీ ఇచ్చిన ప్రసంగంతో. ఆమె పాపం వ్యభిచారమని కూడా లూకా రాయలేదు. రాయనిది మనం కల్పించి చెబితే సీమోను చేసిన పనే చేసినవాళ్లమవుతాం.

జవాబు 3 (కతోలిక ఉపదేశి)

మా ఆరాధన క్రమంలో మూడేళ్ల పఠనాల వరుసలో మూడోదైన సి వత్సరం, సామాన్య కాలపు 11వ ఆదివారం ఈ సువిశేష పఠనమే వస్తుంది. మొదటి పఠనం 2 సమూయేలు 12లో నాతాను ప్రవక్త దావీదు రాజును అతని పాపం గురించి నిలదీసే భాగం. రెండూ కలిపి చదివితే ఎంతో బాగుంటుంది. మా బోధలో ప్రేమకు, క్షమాపణకు మధ్య అంత గట్టి గోడ కట్టరు. దేవుని మీది ప్రేమతో నిండిన పశ్చాత్తాపం పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే సంస్కారానికి) ముందే, ఆ సంస్కారం పొందాలనే కోరికతో కలిసి, మనిషిని దేవునితో సమాధానపరచగలదని 1551లో మా సంఘపు ట్రెంటు మహాసభ చెప్పింది. అయితే ఆ పశ్చాత్తాపం కూడా దేవుని వరమేనని అదే సభ మాట. మొదటి అడుగు ఆయనదే అన్న విషయంలో మీకూ మాకూ తేడా లేదు.

ప్రశ్న అడిగినవారు

చాలా కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. చిన్నప్పటి నుంచి మందిరంలో పెరిగి, పెద్ద పాపం ఎరగనివాళ్లు కొంచెమే ప్రేమిస్తారని అర్థమా?

జవాబు 1 (గ్రీకు పాఠం చెప్పే బ్రదర్)

కాదు సిస్టర్. అప్పుల్లో తేడా ఉంది, చేతిలో ఉన్నదాంట్లో లేదు. ఇద్దరి దగ్గరా సున్నాయే. 50 వాడు కూడా తీర్చలేడు. సీమోను తన అప్పు చూసుకోలేదు, అందుకే కాళ్లకు నీళ్లివ్వడం కూడా తోచలేదు. ప్రేమ పెరగాలని పాపం పెంచుకోమనే వాదనకు రోమా 6:1-2 చాలు.

దీనికి ఎదురుబొమ్మ మత్తయి 18:23-35, రాజుకు పదివేల తలాంతులు అప్పుపడ్డ దాసుడి ఉపమానం. తలాంతు 6,000 దేనారాలు, కాబట్టి పదివేల తలాంతులంటే 6 కోట్ల దేనారాలు. ఏడాదికి 300 పనిరోజులు వేసుకున్నా రెండు లక్షల ఏళ్ల కూలి. ఆ దాసుడు అడిగింది గడువు: “నీకు అంతయు చెల్లింతును.” రాజు గడువివ్వలేదు, అప్పే కొట్టేశాడు. అది వాడి మనసుకు ఎక్కినట్టు లేదు. బయటికెళ్లి నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు. తాను అడిగిన మాటే తోటివాడు అడిగినా గుర్తుపట్టలేదు.

జవాబు 2 (సండే స్కూల్ టీచర్ల శిక్షకురాలు)

ఈ మత్తయి భాగం స్త్రీల కూటంలో చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. కొట్టే భర్త దగ్గరికి క్షమించి తిరిగి వెళ్లమని దీన్ని వాడకండి. కొట్టేసినది అప్పు, కొట్టే చేతికి ఇచ్చిన అనుమతి కాదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా మారాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19:8). అరగంటలో ఈ రెండో భాగానికి ఐదు నిమిషాలు మించనివ్వకండి. సగం సమయం సీమోను గదిలోనే గడపండి.