పైడిభీమవరం డ్యూటీకీ, అరకు ఘాట్‌కీ ఒకే బండి: కొత్తవాడు ఏది కొనుక్కోవాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీలో షిఫ్టుల ఉద్యోగం చేస్తున్నాను. ఇన్నాళ్లూ కంపెనీ బస్సు మీద ఆధారపడ్డాను గాని, షిఫ్టులు తరచూ మారుతూ బస్సు అందని రోజులు ఎక్కువవుతున్నాయి కనుక సొంత బండి కొనుక్కోవాలని నిశ్చయించుకున్నాను. రానూపోనూ రోజుకు దాదాపు 80 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం 16వ నంబరు జాతీయ రహదారి మీదే. సెలవు దొరికినప్పుడు అరకు, సీతంపేట, బారువ తీరం చూసి రావాలని ఉంది. వీలైతే సాలూరు మీదుగా కోరాపుట్ వరకు వెళ్లాలని చాలాకాలంగా కోరిక.

గేరు బండి లైసెన్సు ఉంది గాని, నిజంగా నడిపిన అనుభవం తక్కువే. ఊళ్లో స్కూటరు, అప్పుడప్పుడు మా మావయ్య గారి స్ప్లెండర్, అంతే. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. ఆదివారాలు అమ్మను అరసవల్లి తీసుకెళ్లాలి, ఆవిడ ఒకపక్కకు కూర్చుంటారు. ఆన్‌రోడ్ రెండున్నర లక్షల వరకు పెట్టగలను. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, ట్రయంఫ్ స్పీడ్ 400, కొంచెం అప్పు చేస్తే రాయల్ ఎన్‌ఫీల్డ్‌దే హిమాలయన్ 450, ఈ మూడింటి మధ్య ఊగిసలాడుతున్నాను. స్కూటరు నుంచి ఒక్కసారిగా ఇంత పెద్ద బండికి వెళ్లడం సరైనదేనా? రోజువారీ డ్యూటీకీ, దూర ప్రయాణానికీ ఒకే బండి సరిపోతుందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

కోట జంక్షన్ (విజయనగరం):

తమ్ముడూ, మన దేశంలో గేరు బండికి లైసెన్సు ఒక్కటే. వంద సీసీకి ఇచ్చిన కార్డుతోనే ఆరువందల యాభై సీసీ కూడా నడపవచ్చు. యూరప్ దేశాల్లో ఇంజిను శక్తిని బట్టి అంచెలంచెలుగా లైసెన్సు ఇస్తారు. ఇక్కడ చట్టం అడ్డుపడదు కనుక ఆ అంచెలు మనకు మనమే పెట్టుకోవాలి. మీరు అడిగిన ప్రశ్న చాలామంది షోరూములో డబ్బు కట్టేశాక అడుగుతారు, మీరు ముందే అడిగినందుకు సంతోషం.

కొత్తవారు అందరూ సీసీ చూస్తారు, నేను ముందు బరువు చూడమంటాను. స్ప్లెండర్ 112 కిలోలు. క్లాసిక్ 350 195 కిలోలు, హిమాలయన్ 450 196, మీటియర్ 350 191, హంటర్ 350, హోండా హైనెస్ సీబీ 350 రెండూ 181 కిలోలు, స్పీడ్ 400 ఇంకా కాస్త తక్కువ. బండి కదులుతున్నంతసేపూ ఈ బరువు మీకు తెలియదు, హైవే మీద అది బండిని నిలకడగా ఉంచుతుంది కూడా. ఆగేటప్పుడే దాని అసలు సంగతి తెలుస్తుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ముందున్న ఆటో హఠాత్తుగా ఆగిందనుకోండి. హ్యాండిలు కొంచెం కుడికి తిరిగి ఉండగా మీరు ముందు బ్రేకు పట్టారు, బండి కుడికి ఒరిగింది, ఆ పక్కన కాలు పెట్టిన చోట సన్నని ఇసుక ఉంది. స్ప్లెండర్ అయితే తొడ బలంతో నిలబెడతారు. 195 కిలోల బండి, వెనక అమ్మగారు, ఆవిడ చేతిలో పూజ సంచి ఉంటే, ఒక స్థాయి దాటి వాలిన తరువాత ఎంత బలవంతుడైనా ఆపలేడు. కొత్తవారు పెద్ద బండిని కింద పడేసేది ఎక్కువగా వేగంలో కాదు, ఇలా నడక వేగంలోనే. యూటర్ను, పెట్రోలు బంకు, వాలుగా ఉన్న ఇంటి గేటు, ఇవే ఆ చోట్లు.

సీటు ఎత్తు కూడా కాగితం మీది అంకె చూసి తేల్చుకోకండి. క్లాసిక్ సీటు 805 మిల్లీమీటర్లు, హంటర్‌ది 790, హిమాలయన్‌ది 825 నుంచి మొదలు. ఒకే ఎత్తైనా సీటు వెడల్పుగా ఉంటే కాలు నేలకు అందదు, సన్నగా ఉంటే హాయిగా అందుతుంది. రోజూ వేసుకునే బూట్లతోనే షోరూముకు వెళ్లండి. అమ్మగారిని కూడా తీసుకెళ్లి వెనక కూర్చోబెట్టండి. ఒకపక్కకు కూర్చునేవారి బరువు బండిని ఎప్పుడూ ఆ పక్కకే లాగుతుంటుంది కనుక, చీర గార్డు, కాలు పెట్టుకునే పట్టీ, పట్టుకోవడానికి గట్టి కడ్డీ ఎక్కడెక్కడ ఉన్నాయో ఆవిడే చూసి చెప్పాలి. ఆవిడ ఎక్కలేని బండి మీ ఇంటికి పనికిరాదు, ఆ మాట కుర్రవాళ్లు ఎవరూ చెప్పరు.

ఖర్చు సంగతి. 350 సీసీ బండ్లు మామూలుగా లీటరుకు 30 నుంచి 36 కిలోమీటర్ల మధ్య ఇస్తాయి. రోజుకు 80 కిలోమీటర్లంటే రెండున్నర లీటర్ల దగ్గర పడుతుంది. లీటరు 110 రూపాయలు వేసుకున్నా నెలకు 25 డ్యూటీలకు ఆరేడు వేలు. వంద సీసీ బండికి దాదాపు అందులో సగం. ఈ తేడా భరించగలరా లేదా అన్నది ముందు లెక్క వేసుకోండి, ఎందుకంటే అరకు ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్తారేమో, పైడిభీమవరం రోజూ వెళ్తారు.

నా సలహా హంటర్ 350 లేదా సీబీ 350. క్లాసిక్ మంచి బండే, కొంత చేయి తిరిగాక తీసుకోండి.

సాలూరు ఘాట్ (సాలూరు):

కోట జంక్షన్ అన్నయ్య బరువు గురించి రాసిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను. శక్తి విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. 350 సీసీ బండ్లన్నీ ఇరవై హార్స్‌పవర్ చుట్టుపక్కల ఇస్తాయి. ఒంటరిగా గంటకు 70, 80లో వెళ్తే వాటికి ఏ ఇబ్బందీ లేదు. అదే వెనక మనిషీ, సంచులూ ఉండి, ముందు 75లో పోతున్న కంటైనరు లారీని దాటవలసి వచ్చినప్పుడు దాని పక్కన చాలాసేపు ఉండిపోవలసి వస్తుంది. లారీ దాటుతుండగా గాలి మనల్ని ఒకసారి లోపలికి లాగి మరోసారి బయటికి తోస్తుంది. ఆ చోట ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. స్పీడ్ 400కు 40 హార్స్‌పవర్ ఉంది, బరువు క్లాసిక్ కంటే తక్కువ. దూర ప్రయాణాలు చేసేవారికి ఆ మిగులు శక్తి అలసట తగ్గిస్తుంది.

అయితే ఆ 40 హార్స్‌పవర్ తొలకరి వానలో కొత్తవాడి కుడిచేతికి దొరికితే ఏమవుతుందో కూడా చెప్పాలి. మొదటి జల్లు పడగానే రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుడుగా మారతాయి. అప్పుడు యాక్సిలరేటరు ఎంత నెమ్మదిగా తిప్పాలో మణికట్టుకు అలవాటు కావాలి. అందువల్ల మీకు స్పీడ్ 400 వద్దని అనను, తీసుకుంటే మొదటి వానాకాలం మాత్రం చాలా ఒద్దికగా నడపండి.

హిమాలయన్ గురించి నిక్కచ్చిగా చెబుతాను. 21 అంగుళాల ముందు చక్రం, 200 మిల్లీమీటర్ల వరకు కిందికీ పైకీ కదిలే సస్పెన్షన్ రాళ్ల దారి కోసం చేసినవి. అరకు వరకు ఆర్టీసీ బస్సు వెళ్తోంది, తారు రోడ్డు. కోరాపుట్ దారి కూడా జాతీయ రహదారే. మీరు రాసిన చోట్లలో ఏ ఒక్కదానికీ హిమాలయన్ అవసరం లేదు, దానికోసం అప్పు చేయడం అసలే వద్దు. నేను నడిపేది సుజుకీ వీ-స్ట్రామ్ 250. 167 కిలోలే అయినా సీటు 835 మిల్లీమీటర్లు, మీ ఎత్తుకు కష్టం. అందుకే నా బండిని మీకు సిఫారసు చేయడం లేదు.

బండి ఏదైనా ఘాట్ దిగడం నేర్చుకోండి. మా సాలూరు నుంచి సుంకి వైపు వెళ్లే రోడ్డులో రోజూ చూస్తుంటాను, పెట్రోలు ఆదా అవుతుందని ఇంజిను ఆపేసి న్యూట్రల్‌లో జారుకుంటూ దిగేవారు కొందరు ఉంటారు. అప్పుడు వేగమంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి, లివరు మెత్తగా చేతికి వచ్చేస్తుంది. రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచి ఇంజినుతోనే వేగాన్ని అదుపు చేయాలి. మలుపు రాకముందే బ్రేకు పని పూర్తి కావాలి, మలుపులో బ్రేకు జోలికి పోకూడదు. మలుపుల్లో ఎదురుగా వచ్చే బస్సు తల మన వైపుకు పొడుచుకు వస్తుంది కనుక మధ్య గీతకు దూరంగా ఉండాలి.

మన జిల్లాల ఊరి రోడ్ల మీద ఇంకొక ప్రమాదం ఉంది. కోతల కాలంలో రోడ్డు సగం మేర మొక్కజొన్న గింజలో, ధాన్యమో ఆరబోస్తారు, అంచుకు రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్లు కనబడవు. గింజల మీద ముందు బ్రేకు వేస్తే ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) ఉన్నా బండి ఆగదు, ఎందుకంటే టైరు కింద పట్టు దొరికే నేలే ఉండదు.

టెక్కలి రోడ్డు (టెక్కలి):

పెద్దలు చెప్పినదానికి కొన్ని డబ్బు విషయాలు మాత్రం చేరుస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది దాటినవాటికి 40 శాతం. థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివారికి కలిగే నష్టానికి కట్టేది) కూడా అదే గీత దగ్గర మారుతుంది. 150 నుంచి 350 సీసీ వరకు ఏడాదికి 1,366 రూపాయలు, 350 దాటితే 2,804 అని 2022లో నిర్ణయించారు. కొత్త బండికి ఈ బీమా ఐదేళ్లకు ఒకేసారి కట్టాలి కాబట్టి ఆన్‌రోడ్ ధరలో ఆ తేడా బాగానే తెలుస్తుంది.

చక్రాల విషయంలో అందానికి లొంగకండి. తీగల చక్రాలున్న రకాల్లో చాలావాటికి లోపల ట్యూబు ఉంటుంది. నైట్ షిఫ్టు ముగించుకుని వస్తుండగా ఎచ్చెర్లకు ముందు ఎక్కడో పంక్చరు పడితే, చక్రం ఊడదీసి అతికే దుకాణం ఆ వేళ తెరిచి ఉండదు. అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు ఉంటే సీటు కింద చిన్న కిట్టు, గాలి పంపు పెట్టుకుని పావుగంటలో బయలుదేరవచ్చు. హైవే మీద ఏ ఇబ్బంది వచ్చినా 1033కు ఫోను చేయండి, గాయాలైతే 108.

రెండున్నర లక్షలూ బండికే పెట్టేయకండి. ఐఎస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్లు రెండు, ఒకటి అమ్మగారి కొలతకు, ఆపైన చేతి తొడుగులు, మెరుస్తూ కనబడే పట్టీలున్న వానకోటు, వీటికి పదిహేను ఇరవై వేలు విడిగా ఉంచండి. డబ్బు కట్టే ముందు ఆ కంపెనీ సర్వీసు సెంటరు శ్రీకాకుళంలోనే ఉందా, విశాఖ వెళ్లాలా అన్నది కనుక్కోండి. సర్వీసుకని ప్రతిసారీ ఒక సెలవు పోతే ఆ బండి మీద ఇష్టం పోతుంది. సెకండ్ హ్యాండు అయితే అప్పు తీరిందని ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన ఎన్ఓసీ పత్రం, పెండింగు చలానాలు చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ ధన్యవాదాలు. చెప్పినట్లే అమ్మను వెంటబెట్టుకుని షోరూములకు వెళ్లి వచ్చాను. క్లాసిక్ మీద నాకు కాళ్లు అందాయి గాని, బండిని వెనక్కు నెట్టి తిప్పుకునేటప్పుడు భయం వేసింది. స్పీడ్ 400 నడపడం ఎంతో బాగుంది, వెనక సీటు మీద ఒకపక్కకు కూర్చోవడం మాత్రం అమ్మకు కుదరలేదు. సీబీ 350 మీద ఆవిడ నిశ్చింతగా కూర్చున్నారు, క్లచ్ కూడా తేలికగా ఉంది. అల్లాయ్ చక్రాలతో దానినే తీసుకోవాలని దాదాపు నిర్ణయానికి వచ్చాము. హిమాలయన్ ఆలోచన పూర్తిగా విరమించుకున్నాను.

ఇక ఒకే సందేహం. డ్యూటీకి ఎన్నాళ్లు నడిపాక అరకు ఘాట్ ఎక్కవచ్చు? ఆ లోపు ఏమేమి సాధన చేయాలి?

కోట జంక్షన్ (విజయనగరం):

మంచి నిర్ణయం తమ్ముడూ. నెలల లెక్క పెట్టుకోకండి, పనుల లెక్క పెట్టుకోండి. ఆదివారం ఉదయం ఖాళీగా ఉన్న ఏదైనా కాలేజీ మైదానంలో మూడు పనులు సాధన చేయండి. మొదటిది, క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు కొద్దిగా నొక్కి ఉంచి, కాలు కింద పెట్టకుండా ఇరుకు యూటర్ను తిరగడం. చూపు ముందు చక్రం మీద కాక, వెళ్లవలసిన వైపు ఉండాలి. రెండోది, ఎత్తు మీద ఆగి వెనక్కు జారకుండా బయలుదేరడం. మూడోది, గంటకు 40లో వెళ్తూ రెండు బ్రేకులూ గట్టిగా పట్టి నిటారుగా ఆగడం. ఏబీఎస్ పనిచేసేటప్పుడు లివరు చేతిలో కొట్టుకుంటుంది, అది మొదటిసారి ఆపద సమయంలో తెలిస్తే కంగారుపడి వదిలేస్తారు. ముందే అలవాటు చేసుకుంటే వదలరు.

హైవే మీద వేగం గురించి ఒక లెక్క చెబుతాను. గంటకు 80లో ఉన్నప్పుడు, ప్రమాదం చూసి చేయి బ్రేకు మీదికి వెళ్లే ఆ ఒక్క సెకనులోనే బండి 22 మీటర్లు పోతుంది. ఆ తరువాత ఆగడానికి పట్టే దూరం 60లో పట్టేదానికి ముప్పావు వంతు పైగా ఎక్కువ. మొదటి సర్వీసు అయ్యేవరకు ఇంజిను కోసం ఎలాగూ నెమ్మదిగా నడపాలి, ఆ తరువాత కూడా కొన్నాళ్లు 65 దాటకుండా ఎడమ వరుసలోనే వెళ్లండి. సర్వీసు రోడ్ల దగ్గర ఎదురు వచ్చేవారు, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మంచు, ఈ రెంటికీ ఎప్పుడూ సిద్ధంగా ఉండండి.

ఘాట్‌కు ముందు పాలకొండ మీదుగా సీతంపేట ఒకసారి ఒంటరిగా వెళ్లి రండి. ఆ మలుపుల్లో చేతులు బిగుసుకోకుండా ఉంటే అరకుకు సిద్ధమైనట్లే. వానలు వెనక్కు తగ్గాక, పగటిపూట, మొదటిసారి వెనక ఎవరూ లేకుండా వెళ్లండి. ఎస్.కోటలోనే ట్యాంకు నింపుకుని, టైర్లలో గాలి చూసుకుని ఎక్కితే పైన వెతుక్కోనక్కర్లేదు. అనంతగిరిలో కాఫీ తాగి కాసేపు ఆగండి. తిరుగు ప్రయాణంలో చీకటి పడకముందే ఎస్.కోట చేరేలా మధ్యాహ్నం మూడింటికల్లా అరకులో బయలుదేరండి.