‘యాంటీ’ అంటే ప్రతిచోటా వ్యతిరేకమేనా? గుర్తించడమా, గుర్తుపట్టడమా?

అందరికీ నమస్తే, ఒక చిన్న సాయం కావాలి. బీటా2 అడ్రినర్జిక్ రిసెప్టర్ అనే ప్రోటీన్ ఉందో లేదో చూడ్డానికి ల్యాబ్‌లో వాడే యాంటీబాడీ గురించి తెలుగులో రాస్తున్నా. సీసా మీద ‘యాంటీ బీటా2’ అని ఉంటే ‘బీటా2 గ్రాహక వ్యతిరేక ప్రతిరక్షకం’ అని రాశాను, సరిపోతుందా?

—

అక్కా, ఆ ‘వ్యతిరేక’ మాత్రం తీసెయ్యండి దయచేసి. చదివినవాళ్ళు అదేదో బీపీకి వాడే బీటా బ్లాకర్ లాగా రిసెప్టర్‌ని అడ్డుకునే మందు అనుకుంటారు. ఇక్కడ యాంటీ అంటే ‘దానికి అతుక్కునేది’ అని, అంతే. మా బెంచ్ మీద రోజూ ఉండే ఇంకో సీసా మీద ‘గోట్ యాంటీ ర్యాబిట్’ అని ఉంటుంది, అంటే మేకలో తయారై కుందేలు యాంటీబాడీని పట్టుకునేది అని, దాన్ని ‘కుందేలు వ్యతిరేక’ అంటే ఏమన్నా అర్థం ఉందా చెప్పండి.

‘ప్రతిరక్షకం’ కూడా నాకు ఇక్కడ నచ్చదు. ఒంట్లో ఉన్నప్పుడు అది రక్షిస్తుంది, నిజమే, కానీ సీసాలోది ఎవర్నీ రక్షించట్లేదు కదా, ఆనవాలు పట్టిస్తోంది అంతే. ‘ప్రతిదేహం’ మేలు. కాకపోతే కలిపి రాయాలి, మధ్యలో ఖాళీ వదిలితే ‘ఒక్కొక్క దేహం’ అయిపోతుంది.

ఇక నేను గట్టిగా చెప్పాలనుకున్నది క్రియ గురించి. అందరూ ‘గుర్తించు’ అని రాస్తారు. నా కష్టాన్ని ఎవరూ గుర్తించలేదు అంటాం, అక్కడ అర్థం వేరు. చీకట్లో నడక చూసి మా నాయనమ్మ మనిషిని గుర్తుపట్టేది, ఇదీ యాంటీబాడీ చేసే పని. గుర్తు ఉంది, పట్టూ ఉంది. ఆ రిసెప్టర్ 413 అమైనో ఆమ్లాల గొలుసు, కణం పొరలోంచి ఏడుసార్లు అటూ ఇటూ దూరి ఉంటుంది, అంత గొలుసులో యాంటీబాడీ పట్టుకునేది ఒక చిన్న ముక్కని మాత్రమే, ఎపిటోప్ అంటారు, దానికి ‘ఆనవాలు’ కంటే మంచి మాట నాకు తట్టలేదు.

ఇంకోటి, గుర్తుపట్టడంలో పొరబడొచ్చు కూడా, వెనక నుంచి చూసి మా అన్నే అనుకుని ఇంకెవర్నో పిలిచినట్టు. 2009లో ఆల్ఫా1 అడ్రినర్జిక్ రిసెప్టర్ల కోసం అమ్ముతున్న పది యాంటీబాడీలని, ఆ జీన్లు తీసేసిన ఎలుకల కణజాలం మీద పరీక్షించారు, ప్రోటీనే లేనిచోట కూడా బ్యాండ్ (ప్రోటీన్ ఉందని చూపే గీత) వచ్చింది, పదిలో ఒక్కటీ నమ్మదగ్గది కాదని తేల్చారు. నాకూ అయింది. శాంపిల్లోని ప్రోటీన్లని అంటించి, పాలపొడి ద్రావణంలో నానబెట్టిన పలుచటి కాగితంలాంటి పొర మీద యాంటీబాడీ వేసి రాత్రంతా నాలుగు డిగ్రీల చలిగదిలో ఊపుతూ ఉంచితే పొద్దున్నే చక్కటి బ్యాండ్ కనపడింది, ఎంత సంతోషమేసిందో, తీరా చూస్తే ఆ రిసెప్టర్ లేని శాంపిల్లో కూడా అదే ఎత్తులో అదే గీత. మూడు నెలల పని పోయింది. అందుకే ఈ క్రియ మీద నాకింత పట్టింపు.

—

బాగా చెప్పారు తమ్ముడూ. మరి అడ్రినర్జిక్‌కి ‘అధివృక్క గ్రాహకం’ అనొచ్చా?

—

వద్దక్కా. అధివృక్క అనేది అడ్రినల్ గ్రంథికి మాత్రం చాలా అందమైన మాట, లాటిన్లో కిడ్నీ దగ్గరిది అన్నట్టే మనకీ వృక్కం మీదిది అని. కానీ ఈ రిసెప్టర్ ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండరంలో ఉంటుంది, గుండెలో ఉంటుంది, అధివృక్క అంటే ఆ గ్రంథిలోనే ఉందనుకుంటారు. అడ్రినర్జిక్ అన్న మాటని 1933లో హెన్రీ డేల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పుట్టించాడు, చివరి ముక్క గ్రీకులో ‘పని’ అన్న మాట నుంచి వచ్చింది. నరం అడ్రినలిన్ లాంటి పదార్థంతో పనిచేస్తుందా లేదా అన్నదే అప్పటి లెక్క. ‘అడ్రినలిన్ గ్రాహకం’ అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది.

మీ సీసాలోది కుందేలులో తయారైందే అయితే, మీ వాక్యం ఇలా మార్చి చూడండి: ‘బీటా2 అడ్రినలిన్ గ్రాహకాన్ని గుర్తుపట్టే, కుందేలులో తయారైన ప్రతిదేహం.’