గౌరవం కలగని తండ్రిని సన్మానించడం సాధ్యమేనా?

ప్రశ్న

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయాన్ని ఇక్కడ అడుగుతున్నాను. నాకు తొమ్మిదేళ్ల వయసున్నప్పుడు నాన్నగారు మా అమ్మను, నన్ను, తమ్ముడిని వదిలి వెళ్లిపోయారు. ఆ తరువాత 22 సంవత్సరాలపాటు ఉత్తరం గాని, కబురు గాని లేదు. అమ్మ చనిపోయిన కొంతకాలానికి, ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్న స్థితిలో ఆయన మా ఇంటికి వచ్చారు. చూసేవారు మరెవరూ లేరు కాబట్టి నేనే ఆయనను ఉంచుకున్నాను. భోజనం, మందులు, పరీక్షలు ఏవీ తప్పనివ్వను. కానీ ఆయన ఎదుట నిలబడితే నాలో గౌరవం గాని, మమకారం గాని కలగడం లేదు. ఇప్పటివరకు ఒక్కసారి కూడా ఆయనను "నాన్నా" అని పిలవలేకపోయాను.

కిందటి నెల మా సంఘంలో జరిగిన వాక్యపరిచర్యలో "నీ తండ్రిని, నీ తల్లిని సన్మానించుము" అనే నిర్గమకాండము 20:12 ఆజ్ఞను చెప్పారు. సన్మానించడమంటే హృదయంలో పూజ్యభావం కలిగి ఉండడమేననీ, అది లేకుండా చేసే సేవ యెషయా 29:13 చెప్పినట్లు పెదవులతో ఘనపరచడమే అవుతుందనీ, తలిదండ్రుల తప్పులను ఇతరుల దగ్గర ఎత్తడం కూడా ఆజ్ఞను మీరడమేననీ బోధకులు అన్నారు. అప్పటి నుండి ఆయనకు అన్నం పెట్టే ప్రతిసారీ నేను నటిస్తున్నానా అనే బాధ కలుగుతోంది. దేవుడు ఆజ్ఞాపించింది ఒక భావాన్నా, లేక ఒక క్రియనా? మా విషయంలో ఆయన చేసినదాన్ని చేసినట్లుగా చెబితే నేను ఆయనను అవమానించినట్లేనా? వాక్యం తెలిసినవారు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

సహోదరీ, మీ బోధకులు ఎత్తిన యెషయా వాక్యాన్నే ప్రభువు ఎక్కడ ఎత్తారో ముందుగా చూడండి. మార్కు 7వ అధ్యాయంలో, తలిదండ్రులకు ఉపయోగపడవలసిన ధనాన్ని "కొర్బాను", అంటే దేవార్పితం అని ప్రకటించి, వారికి ఏమీ చేయనక్కరలేదని బోధించినవారితో ఆయన మాట్లాడుతున్నారు. పెదవులతో ఘనపరచే ప్రజలు అనే మాటను ఆయన వారికే అన్వయించి, వెంటనే "నీ తలిదండ్రులను ఘనపరచుము" అనే ఆజ్ఞను గుర్తుచేశారు. అంటే అక్కడ ఖండనకు గురైనవారు భక్తిగల మాటలు పలుకుతూ చేయవలసిన సహాయాన్ని ఆపినవారే గాని, భావం పొంగకపోయినా అన్నం పెట్టినవారు కారు. ఆ వచనాన్ని మీ మీదికి తిప్పడం నాకు న్యాయంగా తోచడం లేదు.

మాటల మూలాన్ని చూసినా ఇదే తెలుస్తుంది. ఆజ్ఞలోని హెబ్రీ క్రియ "కాబేద్" అనే ధాతువు నుండి వచ్చింది. దానికి బరువు అని అర్థం. అదే గ్రంథంలో మరుసటి అధ్యాయం 17వ వచనం తండ్రినైనా తల్లినైనా శపించడాన్ని గురించి చెబుతుంది. శపించడానికి అక్కడ వాడిన మాట తేలికదనాన్ని తెలిపే ధాతువుకు చెందినది. మన భాషలో కూడా గౌరవం అనే మాట "గురు" నుండి, అంటే బరువు నుండి పుట్టినదే. చులకన అంటే తేలికే. కాబట్టి ఆజ్ఞ అడుగుతున్నది ఆ వ్యక్తిని తేలికగా తీసివేయవద్దని, ఆయనకు మన జీవితంలో ఉండవలసిన బరువును ఉండనివ్వమని. బరువు అన్నాక మోయడానికి కష్టంగానే ఉంటుంది. ఆ కష్టం మీ దగ్గర ఉన్నందువల్ల సన్మానం మీ దగ్గర లేదని అనుకోనక్కరలేదు.

క్రొత్త నిబంధనలోని గ్రీకు మాట "తిమే" మరింత స్పష్టంగా ఉంటుంది. దానికి ఘనత అనీ, వెల అనీ రెండు అర్థాలు. మత్తయి 27:6లో, యేసును అప్పగించినందుకు పుచ్చుకొని యూదా తెచ్చి పారవేసిన రక్తపు వెలకూ ఆ మాటే, 1 కొరింథీయులకు 6:20లో మనం విలువ పెట్టి కొనబడ్డామని చెప్పినచోటా ఆ మాటే. 1 తిమోతికి 5వ అధ్యాయంలో నిజంగా అనాథలైన విధవరాండ్రను సన్మానించమని పౌలు చెప్పి, ఆ వెంటనే ఎవరి పోషణ ఎవరి బాధ్యతో, 60 ఏళ్లకు తక్కువ వయసున్నవారిని సంఘం ఆదుకునే విధవరాండ్ర జాబితాలో చేర్చవచ్చో లేదో చర్చించాడు. పిల్లలు తలిదండ్రులకు ప్రత్యుపకారం చేయడం నేర్చుకోవాలన్నది కూడా అక్కడే ఉంది. మీరు వేళకు ఇస్తున్న మందులు ఆ అధ్యాయానికి చాలా దగ్గరగా ఉన్నాయి.

రెండవ జవాబు

అమ్మా, నేను వయసులో పెద్దదాన్ని, మంచం పట్టిన మా మామగారిని ఆరేళ్లు చూసినదాన్ని. మీ రెండవ ప్రశ్నకే జవాబు రాస్తాను, ఎందుకంటే ఆ విషయంలో నేనూ చాలాకాలం తప్పుగా బోధించబడ్డాను. ఆయన మమ్మల్ని పెట్టిన బాధ గురించి నోరు విప్పకపోవడమే సన్మానం అనుకున్నాను. లోపల పెరిగిన చేదు మాత్రం ఆయనకు అందించే ప్రతి గ్లాసులోనూ ఆయనకు తెలుస్తూనే ఉండేది.

తరువాత 1 సమూయేలు 24వ అధ్యాయం చదువుతుండగా ఒక సంగతి గమనించాను. తనను చంపాలని వెంటాడుతున్న మామ, సౌలు రాజు, వస్త్రపు చెంగును గుహలో కోసిన దావీదు బయటికి వచ్చి, సాష్టాంగపడి, "నా తండ్రీ" అని పిలుస్తాడు. అలా పిలుస్తూనే కోసిన ఆ చెంగును చేతిలో చూపించి, నేను నీకు ఏ కీడూ చేయలేదు, నీవే నా ప్రాణాన్ని వేటాడుతున్నావు అని ముఖం మీదనే చెబుతాడు. తండ్రీ అనే పిలుపు, జరిగిన అన్యాయం, రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయి. సౌలు ఏడ్చాడు, అయినా దావీదు అతని వెంట ఇంటికి వెళ్లలేదు, తన కొండస్థలానికే వెళ్లాడు. హింసించే తలిదండ్రులకు అందుబాటులో ఉండి తీరాలని చెప్పేవారు ఈ చివరి వచనాన్ని శ్రద్ధగా చదవాలని నేను నిజంగా కోరుకుంటున్నాను.

ఆదికాండము 9వ అధ్యాయంలో హాము తన తండ్రి నోవహు దిగంబరత్వాన్ని చూసి బయట ఉన్న అన్నదమ్ములకు చెప్పాడన్నది నిజమే, దాన్ని కప్పినవారికి ఆశీర్వాదం వచ్చిందన్నదీ నిజమే. కానీ నోవహు మత్తుడైన సంగతిని లేఖనమే దాచలేదు కదా. బజారులో చెప్పుకోవడానికి, భారం దించుకోవడానికి మధ్య తేడా ఉంది. నమ్మకమైన ఒకరి దగ్గర, ప్రార్థనలో, అవసరమైతే ఆయన ఎదుట కూడా, మీరు ఉన్నది ఉన్నట్లు చెప్పవచ్చు.

మూడవ జవాబు

పై ఇద్దరి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. క్రియ ఉంటే చాలు, భావంతో పని లేదన్నట్లుగా మొదటి జవాబు అర్థమయ్యే ప్రమాదం ఉంది. లేవీయకాండము 19:3 తల్లికి, తండ్రికి భయపడమని చెబుతుంది. అది వేరే క్రియ, లోపలి వైఖరికి సంబంధించినది. రోమీయులకు 12:10లో కూడా ఘనత గురించిన మాట సహోదర ప్రేమ, అనురాగం అనే మాటల పక్కనే ఉంది. అన్నం, మందులు సమయానికి వస్తున్నా ఒక మనిషి ఆ ఇంట్లో వస్తువులాగా ఉండిపోవచ్చు. సహోదరి అలా చేస్తున్నారని నేను అనడం లేదు, కానీ ఆమెను బాధిస్తున్నది బహుశా అదే కావచ్చు. కాబట్టి ఆ బాధను తొందరపడి చల్లార్చకూడదని నా అభిప్రాయం.

అయితే ఆ భావాన్ని ఎక్కడి నుండి తెచ్చుకోవాలి? ఆయన తండ్రిగా ప్రవర్తించిన తీరులో వెదికితే దొరకదు. 1 పేతురు 2:17లో "అందరిని సన్మానించుడి" అనీ, "రాజును సన్మానించుడి" అనీ ఒకే వచనంలో ఒకే క్రియ ఉంది. రోమా సామ్రాజ్యంలో చక్రవర్తికి ఇవ్వవలసినదాన్నే దాసునికీ, పరదేశికీ, ఎవరికైనా ఇవ్వమని చెప్పడం చిన్న సంగతి కాదు. ఆ సన్మానానికి ఆధారం మనిషి సంపాదించుకున్న యోగ్యత అయితే "అందరిని" అనే మాటకు అర్థమే ఉండదు. దేవుని పోలికలో చేయబడిన మనుష్యులు అని యాకోబు 3:9 చెప్పిన ఆధారం ఒక్కటే అక్కడ నిలుస్తుంది. తండ్రిగా ఆయనను గౌరవించలేకపోతున్న రోజున, దేవుడు చేసిన మనిషిగా గౌరవించడంతో మొదలుపెట్టండి.

ఆచరణలో నాకు తోచినది ఇది. వైద్యుడు వచ్చినప్పుడు ఆయన తల మీదుగా మాట్లాడకుండా ఆయననే అడగనివ్వండి. ఆయనకు సంబంధించిన నిర్ణయం తీసుకునే ముందు ఆయన అభిప్రాయం అడగండి. గదిలోకి వెళ్లే ముందు తలుపు తట్టండి. ఒకరి మాటకు బరువు ఇవ్వడమంటే ఇలాంటివే. భావం చాలాసార్లు వీటి వెనుక నెమ్మదిగా నడిచి వస్తుంది. రాని పక్షంలో కూడా ఇవి నటన కావు.

ప్రశ్న అడిగిన సహోదరి

ముగ్గురికీ హృదయపూర్వక వందనాలు. మార్కు 7వ అధ్యాయాన్ని రాత్రి రెండుసార్లు చదివాను. యెషయా మాట ఎవరి గురించి చెప్పబడిందో తెలిశాక చాలా రోజుల తరువాత నిద్ర పట్టింది.

మూడవ జవాబు చదివినప్పుడు మాత్రం సిగ్గుపడ్డాను. ఈ రెండేళ్లలో ఆయన గురించి వైద్యునితో నేనే మాట్లాడాను, ఆయనను ఏదీ అడగలేదు. ఈ ఉదయం మందుల వేళ మార్చవలసి వచ్చినప్పుడు, మీకు ఏ వేళ అనుకూలంగా ఉంటుందని మొదటిసారి అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, రాత్రి మాత్ర వేసుకుంటే నిద్ర పట్టడం లేదనీ, చెబితే నాకు ఇబ్బంది అవుతుందని ఇన్నాళ్లూ ఊరుకున్నాననీ అన్నారు. వైద్యునికి ఫోన్ చేసి ఆయనకే ఇచ్చాను.

"నాన్నా" అనే మాట ఇంకా రాలేదు. దావీదు చెంగును చేతిలో పట్టుకొని పిలిచిన పిలుపు గురించి ఆలోచిస్తున్నాను. అమ్మ ఆఖరి రోజుల గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు; చెప్పవలసింది నేనే. దానికోసం ప్రార్థించండి.