డోసు లెక్కలో ఐదు రెట్లు తేడా, ఏది నమ్మాలి?

గ్రిడ్‌బాక్స్:
పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది. క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో (పలుచటి ఐసులో గడ్డకట్టించిన నమూనాను ఎలక్ట్రాన్ల బీమ్‌తో ఫోటో తీసేది) నమూనా మీద పడే డోసు లెక్కేస్తున్నా. తెర (బీమ్ పడితే మెరిసే ఫ్లోరసెంట్ తెర) కరెంటుతో లెక్కేస్తే చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కి (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) 40 ఎలక్ట్రాన్లు, కెమెరాతో లెక్కేస్తే 8. తెర మీద 0.5 నానోఆంపియర్లు, బీమ్ వ్యాసం 2 మైక్రాన్లు, ఎక్స్‌పోజర్ 4 సెకన్లు. కెమెరాలో పిక్సెల్‌కి సెకనుకి 2.2 ఎలక్ట్రాన్లు, పిక్సెల్ 1.06 ఆంగ్‌స్ట్రామ్‌లు. పదిసార్లు చూసుకున్నా, గుణకారంలో తప్పు లేదు. రేపే డేటా తీయాలి. తెర పాడైందా?

రాత్రిషిఫ్టు:
ఎన్ని కేవీ (బీమ్ వోల్టేజి, కిలోవోల్టుల్లో)? ఏ కెమెరా, ఏ మోడ్? నమూనా లేని ఖాళీలో కొలిచారా, ఐసు మీదా?

కప్పుమాస్టారు:
అసలు తెర కరెంటును నమ్మడమే పొరపాటు. తెరకు తగిలిన ఎలక్ట్రాన్లలో కొన్ని వెనక్కి చెదిరిపోతాయి, అవి మీటరు లెక్కలోకి రావు. ఫారడే కప్పు (తనలో పడ్డ ఎలక్ట్రాన్లను పట్టే చిన్న లోహపు గిన్నె) ఉన్న నమూనా హోల్డర్ పెట్టి పికోఆమ్మీటర్‌తో (అతి చిన్న కరెంటు కొలిచే మీటరు) చదవండి. కప్పు నోరు చిన్నది, లోతు ఎక్కువ కాబట్టి లోపలికి పోయింది బయటికి రాదు. రెండు మూడు స్పాట్ సైజుల (బీమ్ తీవ్రతను మార్చే సెట్టింగు) దగ్గర కప్పు రీడింగునూ తెర రీడింగునూ పోల్చి, ఆ నిష్పత్తిని మైక్రోస్కోపు పక్కనే రాసి పెట్టుకోండి.

రాత్రిషిఫ్టు:
తెర తక్కువ చూపిస్తోందంటే అసలు డోసు 40 కన్నా ఎక్కువన్నమాట. అప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది గానీ తగ్గదు కదా మాస్టారూ.

గ్రే_పక్షం:
మీరంతా డోసు అంటున్నది డోసు కాదు. చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కి ఇన్ని ఎలక్ట్రాన్లు అంటే ఫ్లూయెన్స్. డోసంటే నమూనా పీల్చుకున్న శక్తి, దాని కొలత గ్రే. 300 కేవీ దగ్గర చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కి ఒక్క ఎలక్ట్రాన్ సుమారు 3.7 మెగాగ్రేలతో సమానం, 200 కేవీ దగ్గర ఇంకా ఎక్కువ. 40 అంటే దగ్గర దగ్గర 150 మెగాగ్రేలు. కేవీ చెప్పకుండా డోసు ఇంత అంటే అర్థమే లేదు.

కప్పుమాస్టారు:
క్రయో వాళ్లంతా డోసనే అంటారండీ. పేరు మార్చినంత మాత్రాన ఐదు రెట్లు తేడా పోతుందా?

గ్రే_పక్షం:
పోదు. అలాగని తప్పు మాట ఒప్పయిపోదు.

గ్రిడ్‌బాక్స్:
300 కేవీ, కె3 కెమెరా, ఎనర్జీ ఫిల్టర్ స్లిట్ 20 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టులు). మోడ్ మామూలుగా ఉండేదే. కొలిచింది ఐసు మీదే, డేటా తీసేది అక్కడే కదా.

పిక్సెల్_పంతులు:
ఆ ‘మామూలు’ దగ్గరే ఉంది మెలిక. మీది సూపర్ రెజల్యూషన్ అయ్యుండాలి. అందులో ఫైల్ పిక్సెల్ 1.06 కాదు, 0.53. ఒక అసలు పిక్సెల్‌లో నాలుగు చిన్న పిక్సెళ్లుంటాయి. 2.2 అన్నది చిన్న పిక్సెల్ లెక్క, దాన్ని మీరు పెద్ద పిక్సెల్ వైశాల్యంతో భాగించారు. 4 తో గుణిస్తే 8.8. దాన్ని పెద్ద పిక్సెల్ వైశాల్యం 1.12 తో భాగించి 4 సెకన్లతో గుణిస్తే 31.

31కీ 40కీ మధ్య మిగిలిన తేడా ఐసుది. స్లిట్ బీమ్ దారిలో ఉన్నప్పుడు ఐసులో శక్తి పోగొట్టుకున్న ఎలక్ట్రాన్లను ఫిల్టర్ ఆపేస్తుంది. బాగా పక్కకు చెదిరినవి ఆబ్జెక్టివ్ అపెర్చర్‌కి (నమూనా కింద ఉండే చిన్న రంధ్రపు పలక) తగిలి ఆగిపోతాయి. అవన్నీ నమూనా మీద పడ్డవే, కెమెరా దాకా రానివి. అందుకే డోసును ఐసు మీద కొలవకూడదు. గ్రిడ్‌లో (నమూనాను మోసే చిన్న లోహపు జాలీ) చిరిగిన స్క్వేర్ (గడి) ఒకటి వెతికి, నడుమ ఖాళీలో, కార్బన్ పొర అంచు గానీ గ్రిడ్ బార్ గానీ ఫ్రేములో పడకుండా చూసుకుని, స్పాట్ సైజు, బీమ్ వ్యాసం ఏమీ కదపకుండా తీయండి.

ఇంకో రెండు మాటలు. 2 మైక్రాన్ల బీమ్ 81,000 రెట్లలో తెర మీద 16 సెంటీమీటర్లవుతుంది. అంచు తెర దాటిపోతే కరెంటు తక్కువ చూపిస్తుంది, అందుకని మాగ్నిఫికేషన్ కొంచెం దించి, బీమ్ మొత్తం తెర మీదే ఉందని కంటితో చూసి చదవండి. పిక్సెల్ సైజు కూడా మెనూలో ఉన్నది కాకుండా కాలిబ్రేట్ చేసిందే వాడండి. అందులో 3 శాతం తప్పుంటే డోసులో 6 శాతం పోతుంది.

గ్రిడ్‌బాక్స్:
అవును, సూపర్ రెజల్యూషనే. ఖాళీలో 2.75 వచ్చింది. నాలుగుతో గుణిస్తే 11, మొత్తం మీద 39. తెర బాగానే ఉంది. థాంక్స్ అండీ. పేపర్లో 31 రాయాలా, 39 రాయాలా?

రాత్రిషిఫ్టు:
39. నమూనా మీద పడిందే రాయాలి.

గ్రే_పక్షం:
రాసేటప్పుడు ఫ్లూయెన్స్ అని రాయండి.