అరకి మూడో వంతు కలిపితే 2/5 ఎందుకు కాదు?

పటమట, విజయవాడ నుంచి:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఆరో తరగతి. భిన్నాల కూడిక దగ్గర ఆగిపోయింది. 1/2 + 1/3 ఇస్తే పైవి పైవి, కిందవి కిందవి కలిపేసి 2/5 అని రాస్తోంది. క.సా.గు (కనిష్ఠ సామాన్య గుణిజం) తీయమంటే తీస్తుంది కానీ ఎందుకు తీయాలో తెలియదు. తెల్లారేసరికి మళ్లీ 2/5. ఎల్లుండి పరీక్ష, నాకే టెన్షన్‌గా ఉంది. ఎలా చెప్పాలండీ?

బ్రాడీపేట, గుంటూరు నుంచి:
అమ్మా, క.సా.గు కాసేపు పక్కన పెట్టండి. పాపని ఒక్క మాట అడగండి. సగం అట్టు తిన్నావు, ఆపైన ఇంకో మూడో వంతు తిన్నావు, మొత్తం సగం కన్నా ఎక్కువా తక్కువా? ఎక్కువే అంటుంది. మరి 5లో సగం రెండున్నర కదా, 2/5 అంటే సగం కూడా లేదు. ఆ తప్పు తనే పట్టుకోవాలి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, మనం దిద్దిన తప్పు పిల్లలకి ఒక్క పూటే గుర్తుంటుంది.

తర్వాత నోట్సులోంచి ఒక కాగితం చింపి, నిలువుగా మధ్యకి మడవండి. అడ్డంగా మూడు సమానమైన వరసలు వచ్చేలా మడవండి. విప్పితే 6 గళ్లు. ఇందులో సగం అంటే 3 గళ్లు, ఎర్ర పెన్సిల్‌తో దిద్దించండి. మూడో వంతు అంటే 2 గళ్లు, మిగిలిన వాటిలో పచ్చరంగు వేయించండి. 5 గళ్లు నిండాయి, కాబట్టి 5/6. మొత్తాన్ని ఎన్ని ముక్కలు చేశామో కిందున్న హారం చెబుతుంది, అందులో మనవి ఎన్నో పైనున్న లవం చెబుతుంది. ముక్కలన్నీ ఒకే సైజుకి వచ్చాక లెక్కపెట్టడమే మిగిలింది. అందుకే కింది అంకెలు కలపం.

అరండల్‌పేట, గుంటూరు నుంచి:
మా నాన్నగారు నాకు అణాల్లో చెప్పారు. 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. అర్ధరూపాయి, పావలా, బేడ కలిపితే 8, 4, 2, వెరసి 14 అణాలు. అంటే 1/2 + 1/4 + 1/8 = 14/16, కుదిస్తే 7/8. అన్నిటినీ అణాల్లోకి మార్చడమే హారాలు సమం చేయడం. పావలా బిళ్ల 2011లో చెలామణీలోంచి పోయింది, ఈ పిల్లలు చూసి ఉండరు. ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఆవిడ చేత చెప్పించండి.

పటమట నుంచి:
కాగితం పనిచేసింది మాస్టారూ! గళ్లు లెక్కపెట్టి, 2/5ని తనే కొట్టేసింది. ఇప్పుడు 5/6 + 3/8కి 48 గళ్లు గీస్తోంది. తప్పా అండీ?

బ్రాడీపేట నుంచి:
తప్పు కాదమ్మా. 40/48 + 18/48 = 58/48, కుదిస్తే 29/24. కాకపోతే 24 గళ్లు సరిపోతాయి. పెద్ద హారం 8 కదా, ఆ ఎక్కం చదవమనండి: 8, 16, 24. వీటిలో 6తో శేషం లేకుండా పోయే మొదటి సంఖ్య 24. అదే క.సా.గు. 6ని 4తో గుణించాం కాబట్టి పైన 5ని కూడా 4తో గుణిస్తే 20/24. అలాగే 3/8కి పైనా కిందా 3తో, 9/24. మొత్తం 29/24, అంటే ఒకటీ, ఆపైన 5/24.

పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. కింద గుణించి పైన మరిచిపోయి 5/24 + 3/24 అని రాసేస్తారు. రేపు ఇదొక్కటే దగ్గర కూర్చుని చూడండి. 2/3 + 1/4, 3/4 + 1/6 చేయించండి. రెండిటికీ 11/12 రావాలి.