"కోపపడుడి గాని పాపము చేయకుడి": ఇది ఆజ్ఞా, అనుమతా?

ప్రశ్న: అందరికీ వందనాలు. బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీయులకు పత్రిక 4:26లో "కోపపడుడి గాని పాపము చేయకుడి, సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అని ఉంది. అదే అధ్యాయం 31వ వచనంలో మాత్రం కోపాన్ని విసర్జించమంటాడు పౌలు. ఈ రెండూ ఎలా పొసగుతాయి? మా బైబిల్ స్టడీలో దీని మీద చాలాసేపు వాదన జరిగింది.

జవాబు: అక్కా, "కోపపడుడి" వ్యాకరణం ప్రకారం ఆజ్ఞే, పౌలు రాసిన గ్రీకులోనూ అంతే. కానీ "వెళ్తే వెళ్లు గానీ చీకటి పడేలోపు వచ్చెయ్" అంటాం కదా. అక్కడ బరువంతా "వచ్చెయ్" మీదే. ఇక్కడా "గాని" తర్వాతదే అసలు మాట.

ఇది 4వ కీర్తన 4వ వచనం, పౌలు దాని గ్రీకు అనువాదాన్ని తీసుకున్నాడు. మన తెలుగు కీర్తనలో "భయమునొంది పాపము చేయకుడి" అని కనిపిస్తుంది. కీర్తన మూలభాష హీబ్రూలో ఆ క్రియకు వణకడం, కలత చెందడం అని అర్థం. వణుకు భయంతోనూ వస్తుంది, కోపంతోనూ వస్తుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఆ గడువు. ద్వితీయోపదేశకాండము 24లో కూలివాడి కూలి పొద్దుగుంకేలోపు ఇచ్చెయ్యాలి, అతని ఆశంతా దాని మీదే. బీదవాడు తాకట్టు పెట్టిన బట్ట కూడా పొద్దుగుంకే వేళకు తిరిగిచ్చెయ్యాలి, అతను అది కప్పుకునే పడుకోవాలి. రాత్రంతా మన దగ్గర ఉంచుకునే హక్కు లేనివాటిలో పౌలు కోపాన్ని కూడా చేర్చాడని నా నమ్మకం. కారణం తర్వాతి వచనంలోనే ఉంది: "అపవాదికి చోటియ్యకుడి," అంటే సాతానుకు చోటివ్వొద్దని. పొద్దున ఫ్యామిలీ గ్రూపులో ఎవరో అన్న మాటను రాత్రి పదకొండింటికి మళ్లీ తెరిచి, పాత స్క్రీన్‌షాట్లు వెతికి, పేజీడు మెసేజ్ టైప్ చేస్తాం చూడండి, ఆ చోటు అదే. 31లో వరస కూడా గమనించండి: లోపలి ద్వేషంతో మొదలై అల్లరికీ దూషణకీ చేరుతుంది. మార్కు 3:5లో యేసుకీ కోపం వచ్చింది. అక్కడ దాని పక్కనే దుఃఖం ఉంది, ఆ వెంటనే ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాడు బాగుపడ్డాడు.

ప్రశ్న: మరి పడుకునేలోపు ఎలాగైనా రాజీ పడాల్సిందేనా అన్నా? ఒక సహోదరికి ఈ వచనమే చూపించి, కొట్టిన భర్తతో ఆ రాత్రికే సర్దుకోమన్నారు.

జవాబు: అది చాలా అన్యాయం, ఆమెకీ, ఈ వచనానికీ. పౌలు "మీ కోపము" అన్నాడు. అంటే నా కోపానికి నేనే లెక్క చెప్పాలి. ఎదుటివాళ్లతో సమాధానం గురించి రోమా 12:18లో "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని ఆయనే రాశాడు, రాజీకి ఇద్దరూ కావాలి కాబట్టి. ఆ సహోదరి ముందు క్షేమంగా ఉండే చోటికి చేరాలి. మనసులో మంటను దేవుని ముందు ఉన్నదున్నట్టు చెప్పుకోవడం అక్కడి నుంచి కూడా చెయ్యొచ్చు, కీర్తనకారులు చేసిందదే. సంఘపెద్దలు ఈ వచనం చదివి వినిపించాల్సింది చెయ్యెత్తిన ఆ మనిషికి. దయచేసి ఈ మాట వాళ్లకి చేరవేయండి అక్కా.