ఫూజీ పర్వతం: 8వ మజిలీ దాటలేకపోతున్నాను, గుడి నుంచి నడిస్తే మేలా?

రెండుసార్లు ప్రయత్నించినా ఫూజీ శిఖరం (3,776 మీ.) మీద 'గొరైకో', అంటే జపనీయులు దండం పెట్టుకునే సూర్యోదయం, చూడలేకపోయాను. రెండుసార్లూ కొండెక్కే దారుల్లో ఒకటైన యోషిదా దారిలోనే వెళ్లాను. కింది నుంచి శిఖరం దాకా ఆ దారిని భాగాలుగా విడగొట్టి, వరుస నంబర్లతో మజిలీలంటారు.

మొదటిసారి జూలైలో. 5వ మజిలీలో (2,305 మీ.) ఉదయం 11కి బస్సు దిగి, వెంటనే నడక మొదలుపెట్టాను. 8వ మజిలీ గుడిసెలో రాత్రి 9కల్లా విపరీతమైన తలనొప్పి, రెండు వాంతులు. తెల్లారగానే దిగిపోయాను. ఆగస్టులో మళ్లీ వెళ్లాను. ఈసారి 5వ మజిలీలో గంటన్నర ఆగాను, 3 లీటర్ల నీళ్లు తాగాను, ఆక్సిజన్ డబ్బా వాడాను. అయినా 3,200 మీటర్ల దగ్గర అదే తలనొప్పి. సల్ఫా అలర్జీ ఉండటంతో ఎత్తు వల్ల వచ్చే ఈ ఇబ్బందికి వాడే డైమాక్స్ మాత్రను డాక్టర్ వద్దన్నారు.

ఎడో కాలంలో (1603–1868) ఫూజీ-కో అనే, ఈ కొండను కొలిచే బృందాల భక్తులు తెల్లబట్టలు కట్టుకుని, ఫూజీయోషిదాలోని సెంగెన్ గుడిలో మొక్కి, అక్కడి నుంచే కాలినడకన ఎక్కేవారట. ఆ గుడి సుమారు 850 మీటర్ల ఎత్తులోనే ఉంది. బస్సులో ఒక్కసారిగా 2,300కి చేరడం కన్నా ఇదే శరీరానికి నయమేమో అనిపిస్తోంది. పైగా వాళ్లు దేవతగా కొలిచే కొండను వాళ్ల పద్ధతిలో ఎక్కాలని నాకు నిజంగా కోరిక. మొదటి రాత్రి 5వ మజిలీలో, రెండో రాత్రి 8వ మజిలీలో పడుకోవాలని ప్లాన్. వచ్చే జూలైలో వెళ్తాను, గుడిసెలు ముందే బుక్ చేసుకోవాలి.

బస్సులో వెళ్లి తలనొప్పితో వెనుదిరిగి, తర్వాత గుడి నుంచి ఇలా రెండు రాత్రులు ఆగుతూ ఎక్కినవాళ్లు ఉంటే చెప్పండి: 8వ మజిలీ దగ్గర తలనొప్పి తగ్గిందా?